చెత్తబండి రంగు: గేమ్ కన్సోళ్లకు పెయింట్ వేసిన నా చివరి ఏళ్లు

నాకు తరచూ ఫోన్లు వస్తుంటాయి. ఎక్కువగా స్టుట్‌గార్ట్‌లో మాస్టర్స్ చదివే పిల్లల దగ్గర్నుంచి, అప్పుడప్పుడు గార్చింగ్ నుంచి. "దాసు అంకుల్, మీరు గేమ్ కన్సోళ్లకి కస్టమ్ పెయింట్ వేసేవారట కదా, మాకూ నేర్పిస్తారా?" అని అడుగుతారు. పక్కన నిలబడి నేర్పే ఓపిక నాకిప్పుడు లేదు. మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. వాసన తెలియడం మానేసి చాలా కాలమైంది. అందుకే రాస్తున్నాను. ఇది చదివాక కూడా ఈ పని చేయాలనిపిస్తే చేయండి.

నేను జర్మనీకి పెయింటర్‌నవుదామని రాలేదు. నరసరావుపేట దగ్గర మా ఊళ్లో ఉండగా క్రైస్తవ బోధకుల శిక్షణ పాఠశాలలో చదువుకున్నాను. వాక్యం చెప్పుకుంటూ బతుకు వెళ్లిపోతుందని అనుకున్నాను. మా ఆవిడ సుగుణ నర్సు. ఇక్కడి క్రైస్తవ సంఘపు ఆసుపత్రి ఆమెను పిలిచింది. నేను ఆమె వెనక వచ్చాను. భార్య వెనక వచ్చిన మగవాడికి ఆ రోజుల్లో దొరికే పని ఏదో అదే చేయాలి. స్టుట్‌గార్ట్ నుంచి ఎస్-బాన్‌లో వెళ్తే వచ్చే ఒక చిన్న ఊళ్లో, కార్ల ప్లాస్టిక్ భాగాలకు రంగులు వేసే వర్క్‌షాప్‌లో చేరాను. వాక్యం చెప్పాల్సిన నోటికి రిటైరయ్యేదాకా ఫిల్టర్ మాస్క్ కట్టుకున్నాను. దేవుని చిత్తం అదేనని నన్ను నేను ఒప్పించుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది.

అద్దంలో అరచెయ్యి

నాకు పని నేర్పినవాడు ఆ వర్క్‌షాప్ యజమాని హెర్ ఫోగెల్. ఆయన పొగిడిన మనిషిని నేను చూడలేదు. భోజనానికి ముందు నేను కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకోవడం చూసి నన్ను "పాస్టర్" అని పిలిచేవాడు. గౌరవంతో కాదు.

ఒకసారి కారు పక్క అద్దానికి వేసే నల్లటి తొడుగు మీద రంగు వేశాను. ఎండాక చూస్తే మధ్యలో ఒక దుమ్ము కణం.

"ఏం పాస్టర్, దీన్ని కూడా మీ దేవుడే సృష్టించాడా?"

"అవును" అన్నాను. అలాంటి ప్రశ్నకు వెనక్కి తగ్గకూడదని మాకు నేర్పారు.

"అయితే ఆయన్నే వచ్చి తీసెయ్యమను. నేను మాత్రం నీకే చెప్తాను."

ఆ రోజు నా చెయ్యి పట్టుకెళ్లి కిటికీ అద్దానికి ఆనించాడు. తీశాక అద్దం మీద నా అరచెయ్యి జిడ్డుగా, స్పష్టంగా పడింది. "శుభ్రమైన చెయ్యి అనుకున్నావు కదా. ఇది రోజూ నువ్వు ప్లాస్టిక్ మీద పెడుతున్నావు" అన్నాడు. అప్పటి నుంచి గ్లౌజు లేకుండా నేను దేన్నీ ముట్టుకోలేదు.

ఈ పని సగం కడగడమే. మిగతా సగంలో ఎక్కువ భాగం గరుకు కాగితంతో రుద్దడం. రంగు చల్లడం చివర్లో వచ్చే చిన్న ముక్క. వీడియోల్లో మీకు చూపించేది ఆ ముక్కే. కడుగుతున్న మనిషిని ఎవరూ చూడరు కాబట్టి దాన్ని తీయరు.

కార్లు ఆగిపోయినప్పుడు

కరోనా వచ్చింది. కార్ల ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, మాకు పని ఆగిపోయింది. హెర్ ఫోగెల్ అప్పటికి చనిపోయాడు. వర్క్‌షాప్ ఆయన కూతురు బిర్గిట్ చేతిలో ఉంది. మమ్మల్ని ఇంటికి పంపేయకుండా కుర్జ్‌ఆర్బైట్ పెట్టింది, అంటే వారంలో కొద్ది గంటలే పని. మొదటి నెలల్లో ఆ కొద్ది గంటలు కూడా గడవలేదు. పెయింటర్లు కట్టుకునే మాస్కులు ఎక్కడా దొరక్కపోతే, మా దగ్గరున్న పెట్టెలన్నీ బిర్గిట్ ఊళ్లోని వృద్ధాశ్రమానికి ఇచ్చేసింది. మాస్క్ లేకుండా రంగు చల్లకూడదు. ఖాళీ వర్క్‌షాప్‌లో నేల తుడిచాం, తుడిచిన నేలనే మళ్లీ తుడిచాం.

మాస్కులు మళ్లీ దొరకడం మొదలయ్యాక, మా తెలుగు క్రైస్తవ సంఘంలోని కిరణ్ అనే విద్యార్థి ఒక కన్సోల్ తెచ్చాడు. చేతిలో పట్టుకుని ఆడుకునే రకం. హాస్టల్ వంటగదిలో డబ్బా స్ప్రేతో తనే రంగు వేశాడట. ఇప్పుడు మీటలు నొక్కితే పైకి రావడం లేదు, రెండు డొప్పలూ కలిసి మూసుకోవడం లేదు.

"వీడియోలో పది నిమిషాల్లో అయిపోయింది అంకుల్" అన్నాడు బిక్కమొహం వేసుకుని.

"అయిపోయాక ఏం జరిగిందో వాడు వీడియో తీయలేదు నాయనా."

"మరి ఇప్పుడు దీన్ని పారెయ్యాల్నా?"

"పారేయక్కర్లేదు. నువ్వు వేసిందంతా తీసెయ్యాలి. వేసినంత సులువు కాదు."

రంగుకు మందం ఉంటుందని ఆ కుర్రాడికి ఎవరూ చెప్పలేదు. కారు బంపర్ మీద నాలుగు పొరలు వేసినా ఏమీ కాదు. మీట దూరే రంధ్రం అంచున రెండు పొరలు ఎక్కువైతే మీట బిగుసుకుపోతుంది. డొప్పలు ఒకదానిలో ఒకటి కూర్చునే అంచుల మీద అసలు రంగు పడకూడదు. సన్నని టేపు కత్తిరించి వాటన్నిటినీ మూసుకుంటూ కూర్చోవాలి. విసుగు పుట్టించే పని. ఆ విసుగు నచ్చనివాళ్లు ఈ పనికి రావద్దు.

కిరణ్ కన్సోల్ బాగుపడింది. తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో దాని ఫొటో తిరిగింది. ఇళ్లల్లో కూర్చున్న జనం, ఇళ్లల్లో అరుస్తున్న పిల్లలు. ఒకటి తర్వాత ఒకటి రావడం మొదలైంది. బిర్గిట్ దాన్ని వర్క్‌షాప్ పనిగానే తీసుకుంది. కార్ల మీద బతికిన షాపు అలా కొంతకాలం బొమ్మల మీద బతికింది.

ఈ పనిలో నేను సొంతంగా పెట్టుకున్న పద్ధతి ఒకటుంది. కారు భాగాన్ని గంటల తరబడి ఎవరూ చేతిలో పట్టుకోరు, కన్సోల్ని పట్టుకుంటారు. అందుకని ప్రైమర్ అనే అడుగు పూత వేసి, నునుపుగా రుద్దాక, లోపలి సామానంతా వదులుగా బిగించి దాన్ని యజమాని ఇంటికి పంపేవాణ్ణి. శనాదివారాలు ఆడుకోమనేవాణ్ణి. ఏ అంచు వేలికి గుచ్చుకుంటోందో, ఏ మీట బిగువుగా ఉందో వాళ్ల చేతులే చెప్పేవి. సోమవారం అది తిరిగొచ్చాక, పైపైన ద్రావకంతో తుడిచి రంగు చల్లేవాణ్ణి. మంచి పద్ధతి అని ఇప్పటికీ అంటాను. హన్నా కన్సోల్ దగ్గర ఆ పద్ధతే నాకు ఎదురు తిరిగింది.

ముల్‌ఆటో ఒరాంజ్

హన్నా మా సంఘంలోని సునీల్, మంజులల కూతురు. సునీల్ కార్ల సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తాడు. మంజులది ఖమ్మం. హన్నా అప్పుడు నాలుగో తరగతి. రక్తానికి సంబంధించిన జబ్బు. వేరే ఎవరిదో ఎముక మూలుగ ఎక్కించాలన్నారు. అది ఎక్కించాక వారాల తరబడి ఒక గదిలో, అద్దం వెనక, ఒంటరిగా ఉండాలి. కరోనా నిబంధనల వల్ల తల్లిదండ్రుల్లో ఒక్కరే పక్కన ఉండొచ్చు.

ఆ గదిలోకి ఏం తీసుకెళ్లాలన్నా రోజూ క్రిమిసంహారక గుడ్డతో తుడవడానికి వీలుండాలి. హన్నా కన్సోల్ వెనక రబ్బరు పూత పగిలి ఊడుతోంది, పైన అరిగిపోయిన స్టిక్కర్లు. వార్డు నర్సు దాన్ని చూసి, పగుళ్లలో ఏముందో ఎవరికి తెలుసు, వద్దని చెప్పింది. కొత్త కన్సోళ్లు అప్పుడు షాపుల్లో లేవు. విడి డొప్పలు చైనా నుంచి ఎప్పుడొస్తాయో చెప్పేవాళ్లు లేరు. అది లేకుండా గదిలోకి వెళ్లనని హన్నా పట్టుబట్టింది. అన్నిటికీ ఊఁ కొట్టే పిల్ల అట, ఈ ఒక్కదానికి మాత్రం మొండికేసింది.

"ఆల్కహాల్‌తో రోజూ రుద్దినా ఊడని రంగు ఉంటదా అంకుల్?" అని మంజుల అడిగింది.

ఉంటుంది. హార్డెనర్, అంటే గట్టిపరిచే మందు కలిపిన రెండు భాగాల క్లియర్ కోట్, రంగు లేని పై పూత. డబ్బా స్ప్రేలో దొరికే మామూలు పూత ఆల్కహాల్ తగిలితే జిగురవుతుంది. ఇది గట్టిపడ్డాక గాజులా ఉంటుంది. కానీ గట్టిపడటానికి దానికి కొన్ని రోజులు కావాలి. ఆసుపత్రిలో చేరే తేదీ ఖాయమైపోయింది.

రంగు ఎంచుకోవడానికి వీడియో కాల్ పెట్టారు. టోపీ పెట్టుకున్న పిల్ల మధ్యలో, రెండు పక్కలా తల్లీ తండ్రీ.

"అంకుల్, తెలుపు వేసి వెనకాల బంగారు రంగులో ఒక బైబిల్ వాక్యం రాయిద్దాం" అన్నాడు సునీల్.

"పాపా, బిటే నిష్ట్" అంది హన్నా తండ్రితో, వద్దని బతిమాలుతూ.

"మరి నీకేం రంగు కావాలి తల్లీ?" అన్నాను.

"ఒరాంజ్. ముల్‌ఆటో ఒరాంజ్."

మంజుల నెత్తి కొట్టుకుంది. "చెత్తబండి అంకుల్! లోకంలో ఇన్ని రంగులు పెట్టుకొని చెత్తబండి రంగు అడుగుతున్నది, మాయదారి పిల్ల."

"మమ్మీ, వాళ్లు నాకు వింకెన్ చేస్తారు!"

"చెయ్యి ఊపుతరంట" అని మంజుల నాకు విడమరిచింది. "హాస్పిటల్ కిటికీ కింద పొద్దున్నే చెత్తబండి వస్తది. వెనక వేలాడేటాయన ఈమెను చూసి చెయ్యి ఊపుతడంట. ఇంకెవ్వరూ ఊపరంట. మేమున్నది లెక్కలేదు."

"మీరు లోపల ఉంటారు కదా" అంది హన్నా.

నారింజ రంగు చెడ్డ రంగు, పెయింటర్లకు. కింద ఉన్నదంతా పైకి కనిపిస్తుంది. తెల్ల ప్రైమర్ వేసి దాని మీద పలచటి పొరలు ఎక్కువ వేయాలి, మందం పెరగకుండా చూసుకోవాలి. ఇదంతా ఆ పిల్లకు చెప్పలేదు. సరే అన్నాను.

గుంటలు

స్టిక్కర్లు, రబ్బరు పూత తీసేశాను. కడిగాను, రుద్దాను, తెల్ల ప్రైమర్ వేశాను. ఎప్పటిలాగే శుక్రవారం ఇంటికి పంపాను. సోమవారం వచ్చింది. హన్నా చేతికి అంతా బాగానే ఉందట. తుడిచి, నారింజ చల్లాను. నా కళ్ల ముందే రంగు వెనక్కి తగ్గింది. చిన్న చిన్న గుంటలు పడ్డాయి, వాన చినుకులు పడ్డ దుమ్ములాగా. వెనక డొప్ప మీద మరీ ఎక్కువ.

జిడ్డు ఉన్నచోట రంగు అలా పారిపోతుంది. ఆ ఏడాది నాకు మొదట వచ్చే అనుమానం శానిటైజర్ మీదే. దానిలో చర్మం ఎండకుండా ఏదో కలుపుతారు. సునీల్‌ను అడిగితే, కన్సోల్ ముట్టుకునే ముందు సబ్బుతోనే చేతులు కడుగుతున్నామన్నాడు. బిర్గిట్ గాలి కంప్రెసర్‌ను అనుమానించి ఫిల్టర్ మార్చింది. అప్పుడు ఒక పాత ప్లాస్టిక్ ముక్క మీద అదే స్ప్రే తుపాకీతో, అదే రంగు చల్లి చూశాం. అద్దంలా పరుచుకుంది. గాలిలో తప్పు లేదు, రంగులో తప్పు లేదు.

అంతా గీకి మళ్లీ ప్రైమర్ వేశాను. మీటల రంధ్రాలు మారి ఉంటాయని మళ్లీ ఇంటికి పంపాను. తిరిగొచ్చింది. మళ్లీ గుంటలు. హన్నా ఆసుపత్రిలో చేరడానికి మిగిలిన రోజులు, పూత గట్టిపడటానికి కావలసిన రోజులు దాదాపు ఒకటే అయ్యాయి. ఇంకొక్కసారి చెడితే ఆ పిల్ల వట్టి చేతులతో ఆ గదిలోకి వెళ్తుంది.

ఆ డొప్పను ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. టేబుల్ మీద పెట్టి చూస్తూ కూర్చున్నాను. సుగుణ అటుగా వచ్చి ఆగింది.

"ఇదేంటండీ, మన శుక్రవారం ప్రార్థన వాసన వస్తోంది!"

నాకు ఏ వాసనా రాలేదు. అంతకు కొన్ని నెలల ముందు నాకు కరోనా వచ్చి తగ్గింది. వాసన మాత్రం తిరిగి రాలేదు. రంగు పనివాడికి ముక్కు కళ్ల కంటే ముఖ్యమని అప్పటిదాకా నేనూ అనుకోలేదు.

"సరిగ్గా చూడు" అన్నాను.

"చూడటానికేముంది? అభిషేక తైలం. మల్లెపూల అత్తరు కలిపినది. మన పాస్టర్‌గారు సీసాలు పంచారు కదా, ఆ వాసనే."

ఆ శుక్రవారాలు నేనూ జూమ్‌లో ఉన్నాను. రోగి కోసం నూనె రాసి ప్రార్థించడం మాలో చిన్నప్పటి నుంచి ఉన్న ఆచారం. పాస్టర్‌గారు "నూనె తీసుకోండి" అన్నారు. మేమందరం తలలు వంచి కళ్లు మూసుకున్నాం. కళ్లు మూసుకున్నవాడికి తెర మీద ఏం జరుగుతోందో ఎలా తెలుస్తుంది?

మంజులకు ఫోన్ చేశాను.

"అవును అంకుల్, రాసిన" అంది, దాచకుండా. "బిడ్డకు రాస్త అంటే నర్సు వద్దన్నది. మెడ కాడ ట్యూబ్ ఉన్నది, ఒంటికి ఏదీ రాయొద్దన్నరు. అందుకే బిడ్డ పట్టుకునేదానికి రాసిన. రెండు శుక్రవారాలూ."

"అమ్మా, దానివల్లే రంగు పట్టడం లేదు."

ఏం చేయాలో కూడా చెప్పాను.

"అది పూర్తిగా కడిగేస్తే తప్ప పని జరగదు తల్లీ."

"కడిగితే ప్రార్థన కూడా పోతది కదా అంకుల్" అంది. ఏడవలేదు. అలసిపోయిన గొంతు. మొగుడితోనో పక్కింటావిడతోనో మాట్లాడినట్టు అంది.

నీళ్ల పరీక్ష

మర్నాడు పొద్దున మంజుల వర్క్‌షాప్‌కు వచ్చింది. కరోనా రోజుల్లో బయటివాళ్లను లోపలికి రానివ్వకూడదు. బిర్గిట్ ఆమె మొహం చూసి తలుపు తీసింది, మాస్క్, గ్లౌజులు ఇచ్చింది.

నేను డొప్ప మీది నారింజను ద్రావకంతో తుడిచేసి తొట్టి దగ్గర పెట్టుకుని ఉన్నాను. ప్లాస్టిక్ శుభ్రంగా ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక పాత పరీక్ష ఉంది. దాని మీద నీళ్లు పోయాలి. శుభ్రంగా ఉంటే నీళ్లు పలచటి పొరలా పరుచుకుని నిలుస్తాయి. జిడ్డు ఉంటే అక్కడ నీళ్లు తెగి పక్కకు తప్పుకుంటాయి.

పోశాను. నీళ్లు వెనక డొప్ప అంతా పరుచుకున్నాయి. తర్వాత మధ్యలో నెమ్మదిగా తప్పుకున్నాయి. ఒక నిలువు గీత, దాని మీద ఒక అడ్డ గీత. ఆమె బొటనవేలి వెడల్పుతో సిలువ. ప్రైమర్ గరుకులోకి ఇంకిపోయి ఉంది. చుట్టూ నీళ్లు, మధ్యలో పొడిగా సిలువ.

"అంకుల్, చూసిన్రా?" అంది మంజుల.

"చూశానమ్మా."

బిర్గిట్ వెనక నుంచి వంగి చూసి, ఏమిటది అని అడిగింది. ప్రార్థన అన్నాను. ఆమె దేవుణ్ణి నమ్మే మనిషి కాదు. వెళ్లి మోగుతున్న రేడియో కట్టేసింది.

నేను గుడ్డ అందుకున్నాను. మంజుల నా చెయ్యి ఆపింది.

"మీరు తుడవకండి. పెట్టింది నేను. నేనే తీస్త." గుడ్డ తీసుకుంది. "పాపం అయితదా అంకుల్?"

నేను బోధకుల పాఠశాలలో చదివినవాణ్ణి. నూనె పోయినా దేవుడు విన్న మాట పోదని చెప్పొచ్చు. నేను నమ్మేదీ అదే. కానీ ఆ బిడ్డ నాది కాదు, ఆ సిలువ నేను గీసింది కాదు. నమ్మిన మాట కూడా అలాంటిచోట నోటికి సులువుగా రాదు.

"కాదనే నమ్ముతున్నానమ్మా" అన్నాను. "ఆయనకు నీ సంగతి తెలుసు."

ఆమె తుడిచింది. ఒక్కో గీతనూ విడివిడిగా, పిల్ల మొహం కడిగినట్టు మెత్తగా మొదలుపెట్టింది. అలా పోదని చెప్పాను. అప్పుడు గట్టిగా రుద్దింది. మళ్లీ నీళ్లు పోశాం. సన్నగా అయిందిగాని సిలువ పోలేదు. మళ్లీ రుద్దింది. మాస్క్ లోపల ఏదో అనుకుంటోంది. ప్రార్థనో, తిట్టో నాకు వినపడలేదు. ప్రైమర్ అంతా తీసేసి ప్లాస్టిక్ దాకా వెళ్లాం. అది కూడా ఆమే చేసింది, నేను కాగితం మార్చి ఇచ్చాను. చివరికి నీళ్లు పోస్తే ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్క పొరగా పరుచుకుని కదలకుండా నిలబడ్డాయి.

"ఇంక లేదా?" అంది.

"లేదు."

ఖాళీగా ఉన్న ఆ ప్లాస్టిక్‌ను చాలాసేపు చూసింది. తర్వాత గ్లౌజులు విప్పి, "ఇన్ని నెలల్లో నా చేతులకు ఒక పని దొరికింది ఇయ్యాల్నే" అని బస్సు కోసం వెళ్లిపోయింది.

ఆ రోజే ప్రైమర్, మర్నాడు నారింజ. రంగు పరుచుకుంది. క్లియర్ కోట్ వేసి, గోరువెచ్చటి ఓవెన్‌లో పెట్టి గట్టిపరిచాం. ఈసారి ఇంటికి పంపలేదు. మీరు కూడా నా పద్ధతి పాటిస్తే, ఇంటి నుంచి తిరిగొచ్చిన దాన్ని పైపైన తుడవకండి. మొదటి రోజు కడిగినట్టే కడగండి, నీళ్లు పోసి చూడండి. జనం తమ వస్తువుల మీద ఏమేం పెడతారో మీకు తెలియదు, అడిగినా అన్నీ చెప్పరు.

వార్డు తలుపు

మిగతాది మంజుల ఫోన్‌లో చెప్పింది. వార్డు తలుపు దగ్గర నర్సు కన్సోల్‌ను చేతిలోకి తీసుకుంది. తడి గుడ్డతో ముందు, వెనక, అంచులు, మీటల చుట్టూ గట్టిగా రుద్దింది. పని ముగించి గుడ్డను దీపం కింద తిప్పి చూసింది. నారింజ మరక ఎక్కడా లేదు.

"ఇది చెత్తబండి రంగు కదా!" అందట నర్సు.

"చూశావా మమ్మీ, ఆమెకు కూడా తెలుసు" అందట హన్నా.

లోపలికి తీసుకెళ్లారు.

ఆ వారాల్లో పూత రోజూ రుద్దుడు తిన్నది. మెరుపు కొంత తగ్గింది, ఊడలేదు. వృత్తిపరంగా నేను చెప్పుకోదగ్గది అంతే. నా ముక్కు మాత్రం బాగుపడలేదు. ద్రావకం కారుతున్నా వాసన తెలియనివాణ్ణి స్ప్రే గదిలోకి పంపలేనని బిర్గిట్ అంది. ఆమె మాట నిజమే. అలా నా ఉద్యోగం ముగిసింది. ఆఖరి రోజున కాఫీ, కేకు. వర్క్‌షాప్ వాకిట్లో, దూరం దూరంగా నిలబడి తిన్నాం. మీలో ఎవరైనా ఈ పనిలోకి వస్తే కిటికీ తెరిస్తే చాలనుకోకండి. హార్డెనర్ ఊపిరితిత్తులను తినేస్తుంది. మంచి మాస్క్ కొనలేనివాళ్లు ఈ పని మొదలుపెట్టకండి.

సాక్ష్యం

హన్నా ఇంటికి వచ్చింది. మళ్లీ సంఘాన్ని ఒకచోట కూడుకోనిచ్చినప్పుడు, అద్దెకు తీసుకున్న చర్చి హాల్లో కుర్చీలు దూరంగా వేసుకుని మాస్కులతో కూర్చున్నాం. పాటలు పాడకూడదు, నిబంధన. పాట లేని ఆరాధన నాకు ఎప్పుడూ ఆకలి తీరని భోజనంలాగే ఉండేది.

పాస్టర్‌గారు మంజులను సాక్ష్యం చెప్పమన్నారు. "చెల్లెమ్మా, ఆ నూనె అభిషేకం చేసిన కార్యం అందరికీ చెప్పు" అన్నారు. మంచి మనిషి, ప్రేమతోనే అన్నారు.

మంజుల లేచి నిలబడింది. పక్కన సునీల్ తల వంచుకున్నాడు.

"ఆ నూనె నేనే తుడిచేసిన పాస్టర్‌గారూ" అంది. "దాసు అంకుల్ షాపుల, నా చేతులతోని. నీళ్లు పోస్తే సిలువ కనబడ్డది, అది కూడా తుడిచిన. బిడ్డ ఇంటికొచ్చింది, దేవునికి స్తోత్రం."

కూర్చుంటుందనుకున్నాం. కూర్చోలేదు.

"మా పక్క గదిల ఒక బాబు ఉండె. అద్దంల నుంచి మా బిడ్డ ఆ బాబుకు కన్సోల్ చూపించేది. వాళ్ల అమ్మ కూడా ప్రార్థన చేసుకునేది, కారిడార్‌ల చూసిన. నేనూ ఆ బాబు కోసం చేసిన. మా బిడ్డ కోసం చేసినంతనే చేసిన. ఆ బాబు ఇంటికి రాలేదు. సాక్ష్యంల అది ఎట్ల చెప్పాల్నో నాకు తెల్వదు. అందుకే రెండూ చెప్పిన."

కూర్చుంది. హాల్లో ఎవరూ ఆమేన్ అనలేదు. అనకూడదని కాదు, ఎక్కడ అనాలో తెలియలేదు. పాస్టర్‌గారు కళ్లజోడు తీసి, మాస్క్ వల్ల పట్టిన ఆవిరిని చొక్కా అంచుతో తుడుచుకుంటూ నిలబడ్డారు. తర్వాత ఆయన ఆ రోజు చెప్పాల్సిన ప్రసంగం చెప్పలేదు. ముందు వరుసకు వచ్చి, మంజుల వైపు చూసి, "ఆ బాబు పేరేమిటమ్మా?" అని అడిగారు.